పోలీసులు బ్రెయిన్ మ్యాపింగ్‌కి ఒప్పుకో అంటే ఏం చేయాలి

మొన్న నాంపల్లి కోర్టు బయట చాయ్ తాగుతుంటే పక్కన ఒకాయన 'మా తమ్ముడికి బ్రెయిన్ మ్యాపింగ్ అంటున్నరు అన్నా, కరెంట్ షాక్ ఇస్తరా' అని అడిగిండు, అందుకే రాస్తున్నా. షాక్ ఏం లేదు, తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి కేసుకి సంబంధించిన మాటలు వినిపిస్తరు, మెదడులో వచ్చే సిగ్నల్స్ రికార్డ్ చేస్తరు, అంతే.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, వద్దు అనొచ్చు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు నార్కో (మత్తు మందు ఇచ్చి ప్రశ్నలు అడిగేది), పాలీగ్రాఫ్ (అబద్ధాలు పట్టే మెషిన్ టెస్ట్), బ్రెయిన్ మ్యాపింగ్ మూడూ బలవంతంగా చేయొద్దని చెప్పింది, రాజ్యాంగంలో ఆర్టికల్ 20(3) కింద, అంటే నిందితుణ్ని తన మీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయొద్దని, 2025లో బీహార్ కేసులో మళ్లీ అదే మాట. స్టేషన్‌లో కాగితం ముందు పెడితే లాయర్‌తో మాట్లాడే దాకా సంతకం పెట్టకండి. లాయర్‌కి పైసల్లేకపోతే 15100కి ఫోన్ కొట్టండి, లీగల్ సర్వీసెస్ వాళ్లది.

ఒప్పుకుంటే మాత్రం ఆ మాట మేజిస్ట్రేట్ ముందు రికార్డ్ కావాలి. రిజల్ట్ నేరుగా సాక్ష్యం కాదు గానీ దాన్ని పట్టుకుని కత్తో ఫోనో దొరికితే అది కోర్టులో పనికొస్తది, అసలు మెలిక ఇక్కడే ఉంది, చాలామంది 'రిజల్ట్ చెల్లదు కదా' అని ధీమాగా పోయి కూర్చుంటరు.

ఇంకోటి, మెదడుకి ఆ విషయం తెలుసు అంటే వాడే చేసిండని కాదు, టీవీలో చూసినా తెలుస్తది కదా. 2008లో పుణెలో ఒక మర్డర్ కేసు తీర్పులో ఈ టెస్ట్‌ని కూడా లెక్కలోకి తీసుకున్నరు, సెల్వి తీర్పు వచ్చింది ఆ తర్వాతే.