కోడిపిల్లలు పొడుచుకుంటున్నాయా? ముందు బల్బు, తర్వాత దాణా బస్తా

రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌కి ఫొటో వస్తుంది. పదిహేను రోజుల పిల్ల, తోక మొదట్లో నెత్తురు. కింద ఒకటే ప్రశ్న: "ఏం మందు వెయ్యాలన్నా?"

పొడుచుకోవడానికి మందు లేదు. పాకాల దగ్గర మా షెడ్‌లో ఒక రోజు వయసు పిల్లల్ని దించి, ఐదు వారాలు పెంచి చుట్టుపక్కల ఊళ్లకు అమ్ముతుంటాను. ఎక్కువగా వనరాజా, గ్రామప్రియ అనే పెరటి కోళ్ల రకాలు, అప్పుడప్పుడు నాటు పిల్లలు. ఇన్నేళ్లలో ఈ గోల లేని సంవత్సరం లేదు. ఊక ఎంత మందాన పరచాలి, నీళ్లు రోజుకెన్నిసార్లు మార్చాలి అనేవి మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

కారణం వెతికే ముందు ఒక పని చెయ్యండి. నెత్తురు కనబడిన పిల్లను ఆ నిమిషంలోనే బయటికి తియ్యండి. ఎర్రగా ఏది కనబడినా కోడిపిల్ల ముక్కు ఆగదు. ఒకటి మొదలుపెడితే పది నేర్చుకుంటాయి. పుండు తుడిచి ఊదారంగు జెన్షన్ వయొలెట్ పూయండి, లేదా వేపనూనెలో పసుపు కలిపి రాయండి. ఎర్రగా కనబడే మందు మాత్రం వద్దు. అట్టపెట్టెలో పెట్టినా సరే, గాయపడిన పిల్ల విడిగానే ఉండాలి.

పిల్లలు గోడ వారకు చేరి, నోరు తెరిచి, రెక్కలు వదిలేసి ఉన్నాయా?

వేడి ఎక్కువైంది. నూటికి సగం ఫోన్లు ఇక్కడే తేలిపోవాలి. కానీ తేలవు, ఎందుకంటే మధ్యాహ్నం పూట ఎవరూ షెడ్‌లోకి తొంగి చూడరు. రాత్రి చలికి బల్బు వేస్తారు, పొద్దున ఆర్పడం మరిచిపోతారు. మొదటి వారం బ్రూడర్‌లో, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే చోట, 35 డిగ్రీలు ఉండాలి, అక్కడి నుంచి వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. మూడో వారం పిల్లకు 29 చాలు. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి, శ్రీకాళహస్తి వైపు రేకుల షెడ్‌లో మధ్యాహ్నం బల్బు లేకుండానే 40 దాటుతుంది. దాని మీద 100 వాట్ల బల్బు కూడానా! పలమనేరు, కుప్పం వైపు ఎత్తు ప్రాంతం, రాత్రుళ్లు చల్లగా ఉంటాయి. అక్కడివాళ్లు చెప్పిన బల్బు లెక్క మీరు తిరుపతిలో పెట్టకండి.

థర్మామీటర్ గోడకు కాదు, పిల్ల వీపు ఎత్తులో వేలాడదీయండి. అది లేకపోయినా ఫర్వాలేదు. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి, అలికిడి చెయ్యకుండా ఐదు నిమిషాలు నిలబడి చూడండి. బల్బు కింద కుప్పపడితే చలి, దూరంగా పారిపోతే వేడి, అన్నీ ఒకే పక్కకు చేరితే ఎక్కడి నుంచో గాలి కొడుతోంది. అక్కడక్కడా చెదిరి, తింటూ పడుకుంటూ ఉంటే వేడి సరిపోయినట్టే. ఈ ఐదు నిమిషాలు చూడకుండా నాకు ఫోన్ చేస్తే, మొదటి ప్రశ్న ఇదే అడుగుతాను.

వేడి సరిగానే ఉన్నా, వెలుతురు మిరుమిట్లు గొలుపుతోందా?

ఒకే పెద్ద తెల్ల బల్బును కిందికి దించి, రాత్రీ పగలూ వెలిగిస్తే పిల్లకు ప్రతి చిన్న గీతా కనబడుతుంది. కొత్తగా పొడుచుకొచ్చే ఈక మొదట్లో నెత్తురు ఉంటుంది. రెండో వారం నుంచి అదే వాటికి ఆకర్షణ. ఒక్క 200 వాట్ల బల్బు బదులు చిన్నవి మూడు నాలుగు పెట్టండి. వేడి అక్కర్లేని రాత్రుల్లో ఎర్ర జీరో బల్బు ఒకటి చాలు. ఆ వెలుగులో నెత్తురు వేరుగా కనబడదు. తెల్ల బల్బుకే ఎర్ర కాగితం చుట్టే తెలివి మాత్రం వద్దు, ఊకలో నిప్పు పడుతుంది. సాయంత్రం పడమటి సందులోంచి ఎండ చీలిక పడే చోట కూడా పొడుచుకోవడం మొదలవుతుంది. అక్కడ గోనెపట్ట కట్టండి. (వేడి ఇవ్వని ఎల్‌ఈడీ బల్బు వేసి "వేడి రావడం లేదన్నా" అన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఏం చెప్పాలి?)

ఇరుకు

మూడు వారాల దాకా పిల్లకు అర చదరపు అడుగు, ఆ తర్వాత ఒక అడుగు. నూరు పిల్లలు మొదటి రోజు చాప మీద సరిపోతాయి కాబట్టి నెలంతా సరిపోతాయనుకుంటారు. పిల్లల చుట్టూ కట్టే అడ్డును (చిక్ గార్డ్) మూడు నాలుగు రోజులకొకసారి వెనక్కి జరపండి. మేత తొట్టి దగ్గర తోసుకుంటుంటే ఇంకొకటి పెట్టండి. మొదటి మూడు రోజుల్లోనే కాలివేళ్లు పొడుచుకుంటున్నాయంటే చాలావరకు మేత ఎక్కడుందో దొరకని ఆకలి. ఊక మీద కాగితం పరచి దాణా చల్లండి.

ఇవన్నీ సరిగా ఉన్నాయి. అయినా రెండు, మూడు వారాల వయసులో ఒకదాని ఈకలు ఒకటి పీకుతున్నాయి

నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

ఒకసారి 150 వనరాజా పిల్లలు. పద్దెనిమిదో రోజు మొదలుపెట్టాయి. బల్బు తగ్గించాను, ఎర్ర బల్బు వేశాను, చోటు పెంచాను, మునగాకు కట్టలు వేలాడదీశాను. ఆకు ఉన్నంతసేపు ఆకును పీకేవి, అయిపోగానే మళ్లీ పక్కదాని తోక. నాలుగు రోజుల్లో పదకొండు పిల్లలు పోయాయి. ఐదో రోజు ఊక మారుస్తుంటే ఒక సంగతి తట్టింది. అన్ని ఈకలు పీకినా ఊకలో ఒక్క ఈక లేదు. పీకి పారెయ్యడం లేదు, తినేస్తున్నాయి. ఆటకు పొడిచే పిల్ల మామూలుగా ఈకను మింగదు. మేతలో ఏదో లేదేమో అని అనుమానించాలి.

ఏం లేదో నాకు తెలుసు, ఎందుకంటే తప్పు నాదే. దాణా ధర పెరిగిందని తొమ్మిదో రోజు నుంచి స్టార్టర్‌లో (చిన్న పిల్లలకు వేసే కంపెనీ దాణాలో) సగానికి సగం నూకలు, రాగులు కలుపుతున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. స్టార్టర్‌లో ప్రొటీన్ దాదాపు 20 శాతం, నూకల్లో, రాగుల్లో ఏడెనిమిది. సగం సగం కలిపితే 14 దగ్గరికి పడిపోయింది. అంతకంటే దొంగ విషయం ఉప్పు. కంపెనీ స్టార్టర్‌లో ఉప్పు లెక్క ప్రకారం కలిపి ఉంటుంది. నూకల్లో, రాగుల్లో, మొక్కజొన్నలో సోడియం లేనట్టే లెక్క. సగం కలిపితే ఉప్పు కూడా సగమైపోతుంది. ఉప్పు సరిపోని పిల్ల ఈకను, నెత్తురును వెతుక్కుంటుంది.

దీన్ని దొంగ కారణం అనడం ఎందుకంటే, మేత మార్చిన రోజు ఏమీ జరగదు. వారం, పది రోజులు పిల్లలు బాగానే తింటాయి. తర్వాత మొదలయ్యేసరికి మేత మార్చిన సంగతి మనకే గుర్తుండదు, బల్బు వైపు చూస్తాం. పైగా అడిగితే అందరి జవాబూ ఒకటే: "కంపెనీ దాణానే కదన్నా వేసేది!" అబద్ధం కాదు, సగం నిజం. అందుకే ఇప్పుడు ఏ దాణా అని అడగను. "బస్తా ఎన్ని రోజులు వచ్చింది?" అంటాను. పోయిన బ్యాచ్‌కంటే ఎక్కువ రోజులు వస్తే, మిగతాది ఏం వేశారో మీరే చెబుతారు.

పరిష్కారం సులువు, ఖర్చే కష్టం. మొదటి నాలుగైదు వారాలు స్టార్టర్ ఒక్కటే, ఏమీ కలపకుండా. నేను అలా మార్చిన తర్వాత ఐదారు రోజుల్లో పొడుచుకోవడం తగ్గింది. డబ్బు మిగుల్చుకోవాలంటే పిల్లలు పెద్దయ్యాక పెరట్లో వదిలి మిగుల్చుకోండి.

సొంతంగానే కలుపుకుంటామంటే, కిలో దాణాకు 3 గ్రాముల ఉప్పు. పది కిలోలకు 30 గ్రాములు, అంటే సమంగా కొలిచిన చిన్న చెంచాలు ఐదు. మెత్తటి ఉప్పే వాడాలి. ముందు దాన్ని గుప్పెడు పిండిలో కలిపి, ఆ పిండిని మొత్తంలో కలపండి. కల్లుప్పు వేస్తే పిల్ల ఆ రవ్వనే ఏరుకుని తింటుంది, పొద్దునకు చచ్చిపోవచ్చు. ఎక్కువైతే విపరీతంగా నీళ్లు తాగి నీళ్లలా రెట్ట వేస్తాయి. అలా కనబడితే ఆ మేత ఆపెయ్యండి. నీళ్లలో ఉప్పు కలపమని చెప్పేవాళ్లు ఉన్నారు. నేను కలపను. మన ఎండల్లో ఏ పిల్ల ఎంత తాగుతుందో లెక్క ఉండదు. స్టార్టర్ మాత్రమే వేస్తున్నవాళ్లు పైన మళ్లీ ఉప్పు వెయ్యకండి. చెప్పకపోతే వేస్తారు.

ప్రొటీన్ కోసం మన దగ్గర అందరూ చెనిక్కాయ చెక్క వేస్తారు. ప్రొటీన్ దండిగానే ఉంటుంది, కానీ ఈకలు పెరగడానికి కావలసిన మెథియోనిన్ అందులో తక్కువ. ఎండు చేపల పొడి కొంచెం కలిస్తే ఆ లోటు తీరుతుంది. చేప ఉప్పు చేపైతే విడిగా ఉప్పు వెయ్యొద్దు, నోట్లో వేసుకుని చూస్తే తెలుస్తుంది. బూజు వాసన వచ్చే చెక్క ఎంత చవకైనా ఇంటికి తేకండి. దాంతో వచ్చే లివర్ జబ్బు వేరే కథ.

మిగతావి

వయసులు కలిపితే పెద్దవి చిన్నవాటిని పొడుస్తాయి, కలపకండి. తోక కింద రెట్ట ఎండి అతుక్కుంటే గోరువెచ్చటి నీళ్లతో కడిగి ఆరబెట్టండి, లేకపోతే మిగతావి అక్కడే పొడుస్తాయి. పేలు, గోమార్లు ఈ వయసులో బ్రూడర్‌లో అరుదు. ముక్కు కత్తిరించడం వేలల్లో గుడ్ల కోళ్లు పెంచే ఫారాల పద్ధతి. వంద పిల్లలకు అది అక్కర్లేదు, కత్తిరించినా ఉప్పు లేని మేత మారదు.

విడిగా పెట్టిన పిల్లను పుండు పూర్తిగా ఆరి, ఆ చోట కొత్త ఈక కప్పాక, రాత్రిపూట లైటు తగ్గించి, దానితోపాటు ఇంకో రెండింటిని కూడా కలిపి లోపలికి వదలండి. ఒక్కదాన్నే పగలు వదిలితే కొత్తదనుకుని అన్నీ దాని మీదే పడతాయి. మర్నాడు పొద్దున ఊక మీద ఈక పడి ఉందా, తినేశాయా అన్నది మాత్రం చూసుకోండి.