గుర్రపుశాలకు దోమతెర ఎలా కట్టాలి?

మా శాల వరిపొలాల మధ్య ఉంది. నాట్లు పడ్డాయంటే తెర దింపాల్సిందే. పదేళ్లుగా కడుతున్నాను కాబట్టి చెబుతున్నా, చాలామంది కట్టీ కట్టనట్టు కడతారు.

జపనీస్ మెదడువాపు వైరస్ కొంగల్లో, పందుల్లో బతుకుతుంది. పందికి పెద్దగా జబ్బు చేసినట్టే కనబడదు గానీ దాని రక్తంలో వైరస్ తెగ పెరుగుతుంది. ఆ పందిని కుట్టిన క్యూలెక్స్ దోమ కొన్ని రోజుల తర్వాత గుర్రాన్ని కుడితే లాలాజలంతోపాటు వైరస్ కూడా దిగుతుంది. అక్కడితో సరి. గుర్రం రక్తంలో మరో దోమకు అంటించేంత వైరస్ ఉండదు. ఒక గుర్రానికి వచ్చిందని పక్క గుర్రాన్ని వెలేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కిటికీలకు వేసే నైలాన్ జాలీ, సన్న గొలుసు, నాలుగు వెదురు వాసాలు, ఒక ఫ్యాను తెచ్చుకోండి. కిటికీలకు, చూరు సందులకు జాలీ బిగించేయండి. అది ఎవరైనా చేస్తారు.

చెడేదంతా వాకిలి దగ్గరే. ఒక్క పరదా చాలదు. రెండు కావాలి, ఒకదానిమీద ఒకటి మూరెడు ఎక్కాలి. అంచు మడిచి అందులో గొలుసు కుట్టండి, గాలికి లేవకూడదు. ఇటుకలు పెడితే చాలదా అంటారు. చాలదు, గుర్రం తన్నేస్తుంది.

అసలు తప్పు ఇంకొకటుంది. గుర్రం తెరకు ఆనుకుని నిలబడితే దోమ బయటనుంచే కుడుతుంది. మా ఆడగుర్రానికి ఒకరోజు తెల్లారేసరికి తుంటిమీద, సరిగ్గా తెర తగిలినంత మేరే, దద్దుర్లు లేచాయి. అప్పటినుంచి లోపలివైపు జానెడు ఎడంగా, ఒకటి రొమ్ము ఎత్తున, ఒకటి తుంటి ఎత్తున వాసాలు అడ్డం కడుతున్నాను.

తెర దించేది పొద్దు గుంకకముందే. ఈ దోమ సందెవేళ మొదలుపెట్టి తెల్లారేదాకా తిరుగుతుంది. దాణా పెట్టి, కబుర్లు చెప్పుకుని ఏడింటికి దించితే దోమల్ని లోపలేసి తాళం వేసినట్టే. దించాక టార్చి పట్టుకుని గోడ మూలలు, దాణా తొట్టి అడుగు చూడండి. ఒక్కటి కనిపించినా చంపాకే బయటికి రండి.

వేపాకు పొగ వేయొద్దు. మా ఇంట్లో తరతరాలుగా వేశారు, నేనూ వేశాను. గుర్రానికి దగ్గు మిగిలింది, నడిరేయికి పొగ ఆరిపోయి దోమలు మళ్లీ వచ్చాయి. ఫ్యాను గాలికి దోమ సరిగ్గా ఎగరలేదు. వైరు మాత్రం గుర్రం నోటికి అందకూడదు.

జ్వరం వచ్చి, మేత మాని, తూలుతూ పెదవి వేలాడేస్తే వెంటనే పశువుల డాక్టర్ని పిలవండి. ఈ వైరస్‌ను చంపే మందు లేదు, చేసేదంతా సేవే. మింగలేకపోతోంది, గొంతులో ఏదో అడ్డుపడిందేమోనని నోట్లో చెయ్యి పెట్టకండి. రేబిస్ కూడా అచ్చం ఇలాగే కనబడుతుంది.