లెడ్ జెప్పెలిన్ సినిమా డిస్కు: లోపం సినిమాదా, ఎడిషన్‌దా, మీ టీవీదా?

ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ సినిమా 'ది సాంగ్ రిమెయిన్స్ ది సేమ్' డిస్కు కొందామని, చూసినవాళ్ళ అభిప్రాయాలు ఓ పది చదివితే, కొనాలో వద్దో తేలకపోగా తల తిరుగుతుంది. ఒకాయన రాక్ సినిమాల్లో ఇంతకు మించింది లేదంటాడు. ఆ కిందే ఇంకొకాయన డబ్బులు దండగ అంటాడు. ఒకరికి సౌండ్ అద్భుతం, మరొకరికి పెదాలకీ పాటకీ పొంతనే లేదు. తమాషా ఏమిటంటే వీళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు 1973లో షూటింగ్ దగ్గర జరిగిన దాని గురించి మాట్లాడుతున్నారు. ఒకరు ఎప్పుడో వచ్చిన పాత డిస్కు గురించి. ఇంకొకరు తమకే తెలియకుండా తమ ఇంట్లో టీవీ సెట్టింగుల గురించి. మూడూ కలిసి "డిస్కు బాగాలేదు" అన్న ఒక్క మాటగా బయటికొస్తాయి.

కాబట్టి వాపసు పంపే ముందు ఫిర్యాదు ఈ మూడింట్లో దేనికి చెందుతుందో తేల్చుకోవాలి. సినిమాకి పుట్టుకతో వచ్చినదాన్ని ఏ రిమోటూ సరిచేయలేదు. ఎడిషన్ లోపమైతే వేరే ఎడిషన్ కొనాలి. ఇంట్లో లోపమైతే పైసా ఖర్చు లేకుండా సరిపోతుంది.

పెదాలు ఒకటంటాయి, పాట ఒకటంటుంది

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ నోరు తెరిచే లోపే గొంతు వచ్చేస్తుంది. గిటారిస్టు జిమ్మీ పేజ్ చేయి ఒక తీగ మీద ఉంటే వినిపించే స్వరం ఇంకోటి. డ్రమ్మర్ జాన్ బోనమ్ కర్ర పైకి లేచి ఉండగానే దెబ్బ వినబడుతుంది. ఇవి ఎప్పుడూ ఉండవు, కొన్ని షాట్లలోనే ఉంటాయి. ఆ 'కొన్ని షాట్లలోనే' అన్నదే ఇక్కడ కీలకం.

సినిమా కోసం న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 1973 జులై 27, 28, 29 తేదీల్లో మూడు రాత్రులు కచేరీ చిత్రీకరించారు. మొదట దర్శకత్వం జో మాసోట్‌ది. తీసిన ఫిల్మ్ చూసుకుంటే పాటల మధ్యలో ఖాళీలు. కొన్ని చోట్ల శబ్దం ఉంది, దానికి తగ్గ బొమ్మ లేదు. మేనేజర్ పీటర్ గ్రాంట్ మాసోట్‌ని తప్పించి పీటర్ క్లిఫ్టన్‌ని పెట్టాడు. క్లిఫ్టన్ 1974లో ఇంగ్లండ్‌లోని షెపర్టన్ స్టూడియోలో గార్డెన్ స్టేజీలాంటి సెట్ వేయించి, న్యూయార్క్ రికార్డింగ్ వినిపిస్తూ నలుగురి చేతా మళ్ళీ వాయించినట్టు నటింపజేశాడు. అంటే మనం చూసేది మూడు రాత్రుల బొమ్మ, మూడు రాత్రుల శబ్దం, వాటి మధ్య ఏడాది తర్వాత స్టూడియోలో తీసిన అతుకులు. ప్లేబ్యాక్ పాటకి హీరో పెదాలు కదపడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటే, అక్కడ పట్టించుకోం. ఇది లైవ్ అని నమ్మి కూర్చుంటాం కాబట్టి చిన్న తేడా కూడా కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది.

అయితే మీ టీవీ నేరం కూడా ఉండొచ్చు. తేల్చుకోవడానికి పాటలు కాకుండా మాటలున్న చోటు పెట్టండి. హాల్లో పైరేట్ పోస్టర్లు అమ్మిన విషయంలో గ్రాంట్ తెర వెనక అక్కడి వాళ్ళని ఉతికి ఆరేసే సీన్ ఒకటుంది. అది దీనికి చక్కగా పనికొస్తుంది. (బూతులు మాత్రం ధారాళంగా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే సౌండ్ తగ్గించి చూడండి.) అక్కడ పెదాలు, మాట కలిసి ఉండి, పాటల్లో అక్కడక్కడ మాత్రమే తప్పుతుంటే అది సినిమాలో ఉన్నదే, వదిలేయండి. ఆ సీన్‌లో కూడా తేడా ఉంటే, వేరే డిస్కు పెట్టినా అదే తేడా కనిపిస్తే, గోల మీ ఇంట్లోదే.

ఇంట్లోదైతే కారణం చాలాసార్లు ఇలా ఉంటుంది. టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ కాస్త ఆలస్యం చేస్తుంది, సౌండ్ బార్‌కి శబ్దం ముందే చేరిపోతుంది. సౌండ్ బార్ సెట్టింగుల్లో ఆడియో డిలే అని ఉంటుంది, మిల్లీ సెకన్లలో కొద్దికొద్దిగా పెంచుతూ గ్రాంట్ నోటికి కుదిరేదాకా చూడండి. శబ్దమే వెనక వస్తోందంటే మీరు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడుతున్నారేమో చూసుకోండి. వైరు పెట్టుకుంటే సరిపోతుంది. ఈ పని అయ్యాక మళ్ళీ పాటల దగ్గర సరిచేయబోకండి. షెపర్టన్ షాట్‌కి సరిపెడితే న్యూయార్క్ షాట్ చెడుతుంది.

జోన్స్ జుట్టూ బట్టలూ మారిపోతున్నాయి

ఇది కూడా సినిమాలోదే. మూడు రాత్రులూ ఒకే బట్టలు వేసుకుంటే ఎడిటింగ్‌లో కలిసిపోతుందని మిగతావాళ్ళు అలాగే చేశారు, బేస్ గిటార్, కీబోర్డు వాయించే జాన్ పాల్ జోన్స్ మాత్రం రోజుకొకటి వేశాడు. షెపర్టన్‌కి వచ్చేసరికి జుట్టు కత్తిరించుకుని ఉన్నాడు, అందుకని విగ్గు పెట్టారు. ఒకసారి తెలిశాక ఆ విగ్గు మీద నుంచి చూపు మళ్ళించుకోవడం కష్టం. దీనికి పరిష్కారం లేదు, నాకైతే అక్కర్లేదు కూడా. ఏ షాట్ స్టూడియోదో పట్టుకోవడానికి అంతకంటే మంచి గుర్తు దొరకదు.

కచేరీ అని కొంటే గుర్రాలు, కోటలు, తుపాకులు వస్తున్నాయి

ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ళలో చాలామంది బాధ ఇది. సినిమా మొదలు కాగానే గ్రాంట్, టూర్ మేనేజర్ రిచర్డ్ కోల్ గ్యాంగ్‌స్టర్ల వేషాల్లో వచ్చి కాల్పులు జరుపుతారు, రక్తం బాగానే కారుతుంది. బ్యాండ్ స్టేజీ ఎక్కేది చాలాసేపటికి గానీ కాదు. ఆ తర్వాత కూడా ఒక్కొక్కరికి ఒక్కో కలలాంటి కథ. జోన్స్ పిల్లలకి కథ చదివి ముసుగేసుకుని గుర్రమెక్కుతాడు. ప్లాంట్ కత్తి పట్టి కోటలో ఉన్న అమ్మాయి కోసం వెళ్తాడు. పేజ్ వెన్నెల్లో కొండ ఎక్కి దీపం పట్టుకున్న ముసలి సన్యాసిలో తన ముఖాన్నే చూసుకుంటాడు. బోనమ్ పొలంలో తిరుగుతాడు, డ్రాగ్ రేస్ కారు నడుపుతాడు.

కారణం తెలిస్తే కోపం సగం తగ్గుతుంది. 1976 అక్టోబర్‌లో ఇది థియేటర్ల కోసం విడుదలైన సినిమా. కచేరీ రికార్డింగ్ అనుకోవడం అట్ట చూసి మనం చేసుకున్న ఊహ. గ్రాంటే తర్వాత దీన్ని ప్రపంచంలోకెల్లా ఖరీదైన హోమ్ మూవీ అన్నాడని చెప్తారు. తీసినవాళ్ళకే ఆ భ్రమ లేదన్నమాట.

కచేరీ మాత్రమే కావాలంటే చాప్టర్ మెనూ నుంచి 'రాక్ అండ్ రోల్' పాటకి వెళ్ళిపోండి, మొదటి భాగం మొత్తం తప్పుతుంది. మధ్యలో వచ్చే కథల్ని దాటేయడం మాత్రం మంచిది కాదు, ఎందుకంటే పాట కింద నడుస్తూనే ఉంటుంది. బొమ్మతో పాటు పాటా పోతుంది. అంత చిరాకైతే కళ్ళు మూసుకోండి. నా మట్టుకు నాకు ప్లాంట్ కత్తియుద్ధం భరించడం కష్టమే గానీ, బోనమ్ భాగం మాత్రం చక్కగా ఉంటుంది. డ్రమ్స్ దగ్గర రాక్షసుడిలా కనిపించే మనిషి కొడుకు పక్కన కూర్చుని చిన్న డ్రమ్స్ వాయిస్తుంటే మురిసిపోవడం అందులో ఉంది. ఆ కొడుకు జేసనే 2007 డిసెంబర్‌లో లండన్‌లో ఈ బ్యాండ్ మళ్ళీ కలిసి వాయించినప్పుడు తండ్రి స్థానంలో డ్రమ్స్ వాయించాడు.

రివ్యూల్లో సగం పొగడ్త, సగం తిట్లు

ముందు తేదీలు చూడండి. 2007 నవంబర్‌లో కొత్త ఎడిషన్ వచ్చింది. సౌండ్ నిపుణుడు కెవిన్ షర్లీతో సౌండ్ మళ్ళీ మిక్స్ చేయించి, 5.1 (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కోసం చేసిన) ట్రాక్ ఇచ్చి, రెండు డిస్కుల సెట్ కూడా వేశారు. అంతకుముందు ఉన్న డీవీడీలో ఈ కొత్త మిక్స్ లేదు. అమ్మకం సైట్లలో పాత డిస్కు, కొత్త డిస్కు, బ్లూ రే అన్నిటి అభిప్రాయాలూ ఒకే చోట కుప్పగా పడి ఉండటం మామూలే. సౌండ్ పేలవంగా ఉందని ఎవరైనా రాస్తే, 2007 నవంబర్‌కి ముందు రాశారా అన్నది మొదటి ప్రశ్న. ముందు రాసిందైతే మీరు కొనబోయే డిస్కుతో దానికి సంబంధం లేదు.

తర్వాత రాసిన ఫిర్యాదుల్లో ఒక రకం వేరే. "చిన్నప్పటి నుంచి విన్న ఆల్బమ్‌లా లేదు" అంటారు. ఉండదు. సినిమా పేరుతోనే 1976లో వచ్చిన ఆల్బమ్‌కీ సినిమాకీ మూడు రాత్రుల్లోంచి ముక్కలు వేరువేరుగా ఏరారు, 2007లో మళ్ళీ కదిలించారు. పాత కూర్పే చెవుల్లో ఉండిపోయినవాళ్ళకి పాత ఎల్పీయే గతి.

పాట కాస్త వేగంగా, శ్రుతి పెరిగినట్టు ఉంది

ఇది చాలామంది పట్టుకోలేరు, పట్టుకున్నవాళ్ళని మాత్రం నిద్రపోనివ్వదు. డిస్కుతో పాటు గిటార్ వాయించబోతే శ్రుతి కలవదు. గిటార్ సరిగ్గానే ఉంటుంది.

సినిమా సెకనుకి 24 ఫ్రేములు. పాల్ (PAL, ఇండియా, యూరప్ టీవీల పద్ధతి) డీవీడీలో సాధారణంగా దాన్ని 25 ఫ్రేములుగా నడిపిస్తారు. దాంతో సినిమా నాలుగు శాతం వేగంగా పరుగెడుతుంది, శబ్దాన్ని విడిగా సరిచేయకపోతే శ్రుతి కూడా ఎక్కుతుంది. షడ్జమం నుంచి శుద్ధ రిషభానికి ఎంత దూరమో అందులో దాదాపు 70 శాతం. మాటల సినిమాలో ఎవరికీ పట్టదు, పాటల సినిమాలో పడుతుంది.

మీ డిస్కు అలాంటిదేనా అన్నది ప్లేయర్‌లో మొత్తం నిడివి చూస్తే తెలుస్తుంది. థియేటర్ నిడివి సుమారు 137 నిమిషాలు. 131, 132 దగ్గర ఆగిపోతే పాల్ వేగమే. బ్లూ రే కొంటే ఈ పేచీ లేదు, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీల పద్ధతి) డీవీడీలోనూ లేదు. ఉన్న డిస్కుతోనే నెట్టుకురావాలంటే కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో వేగం 0.96కి తగ్గించండి. ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ ఆన్‌లో ఉంటే వేగం తగ్గినా శ్రుతి అలాగే ఉంటుంది కాబట్టి ముందు దాన్ని తీసేయండి.

అమెరికా నుంచి తెప్పించిన డిస్కు ఇక్కడ ఆడటం లేదు

అన్నయ్యో అక్కో వస్తూ సూట్‌కేసులో పెట్టుకొచ్చిన డిస్కులకి ఇది తప్పని తలనొప్పి. డిస్కు ఏ దేశాల్లో ఆడాలో చెప్పే కోడే రీజియన్. డీవీడీకి అమెరికా రీజియన్ 1, ఇండియా 5. బ్లూ రేకి అమెరికా ఎ, ఇండియా సి. డిస్కు మీద కోడ్ ఉండి, ప్లేయర్ దానికే కట్టుబడితే తెర మీద రీజియన్ ఎర్రర్ తప్ప ఇంకేమీ రాదు. డిస్కు చెడిపోయిందనుకుని పారేయకండి. మన దగ్గర దొరికే మామూలు డీవీడీ ప్లేయర్లలో చాలావాటికి రీజియన్ పట్టింపు లేదు, బ్లూ రే ప్లేయర్లకే ఎక్కువ. తెప్పించేటప్పుడే అన్ని రీజియన్లదీ అయిన కాపీ చూడమనండి. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చే ముందు ఒకటి గుర్తుంచుకోండి. అయిదు సార్లే మార్చనిస్తుంది, ఆ తర్వాత చివరిదాని దగ్గరే బిగుసుకుపోతుంది.

బొమ్మ గరుకుగా, చీకటిగా ఉంది

స్టేజీ లైట్లు తప్ప వేరే వెలుతురు లేని హాల్లో, 1973 నాటి ఫిల్మ్ మీద తీశారు. గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్నటి చుక్కలు) ఉంటుంది, మూలలు నల్లగా ఉంటాయి, బ్లూ రేలో ఇంకా స్పష్టంగా ఉంటాయి. దాన్ని మరీ ఘోరంగా చేసేది టీవీలో వివిడ్ మోడ్, ఎక్కువగా పెట్టిన షార్ప్‌నెస్. సినిమా మోడ్‌కి మార్చి, షార్ప్‌నెస్ బాగా తగ్గించి, మోషన్ స్మూతింగ్ ఆపేసి, గదిలో లైటు తీసేయండి. నాయిస్ రిడక్షన్ పెంచారంటే గ్రెయిన్‌తో పాటు పేజ్ వేళ్ళు కూడా మైనంలా అయిపోతాయి.

మాటలు వినపడవు, పాట రాగానే ఇల్లు అదిరిపోతుంది

5.1 ట్రాక్‌ని టీవీలోని రెండు స్పీకర్ల మీద పెడితే ఇలాగే ఉంటుంది. ఆడియో మెనూలో స్టీరియో ఉంటే అది ఎంచుకోండి, లేకపోతే ప్లేయర్ అవుట్‌పుట్‌ని స్టీరియో పీసీఎమ్‌కి మార్చండి. రాత్రిపూట చూసేవాళ్ళు నైట్ మోడ్ జోలికి పోకపోవడమే మేలు. 'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' దాదాపు అరగంట సాగుతుంది, పేజ్ గిటార్ మీద వయొలిన్ కమాను లాగే చోట సద్దుమణిగి, మళ్ళీ విరుచుకుపడటంలోనే దాని పస అంతా ఉంది. నైట్ మోడ్ ఆ రెంటినీ చదును చేసేస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

ఆల్బమ్‌లో ఉన్న పాట సినిమాలో లేదు

'సెలబ్రేషన్ డే' గురించే అడుగుతుంటారు. 1976 ఆల్బమ్‌లో ఉంది, సినిమాలో పెట్టలేదు. 'బ్లాక్ డాగ్', 'హార్ట్‌బ్రేకర్' సంగతి తలకిందులు, అవి సినిమాలో ఉండి అప్పటి ఆల్బమ్‌లో లేవు. 2007 రెండు డిస్కుల సెట్ కొంటే రెండో డిస్కులో 'సెలబ్రేషన్ డే'తో పాటు 'ఓవర్ ది హిల్స్ అండ్ ఫార్ అవే', 'మిస్టీ మౌంటెన్ హాప్', 'ది ఓషన్' విడిగా ఉన్నాయి, గుర్రాలూ కోటలూ లేకుండా. ఒక్క డిస్కు ఎడిషన్ కొని ఇవి ఎక్కడని వెతక్కండి.

అసలు కథలన్నీ వద్దు, వాయించడమే కావాలనుకునేవాళ్ళు ఈ సినిమా బదులు 2003లో బ్యాండ్ పేరుతోనే వచ్చిన రెండు డిస్కుల డీవీడీ తీసుకోవచ్చు. 1970 రాయల్ ఆల్బర్ట్ హాల్ నుంచి 1979 నెబ్‌వర్త్ దాకా అందులో ఉంది, ఈ గార్డెన్ రాత్రుల్లోవి కొన్ని పాటలు కూడా ఉన్నాయి.