ఇంట్లోనే వాచీ పని – 3వ పాఠం: సెల్లు వేయడం, మూత మూయడం

పోయిన పాఠంలో వెనక మూతకున్న నాలుగు స్క్రూలు ఊడదీసి సెల్లోటేపు మీద ఏ మూలది ఆ మూలకే అంటించి పెట్టమన్నాను, పెట్టారా? పెట్టకుండా కిటికీ గట్టు మీద వదిలేసినవాళ్ళు ముందు గచ్చు మీద అరచెయ్యి ఆనించి మెల్లగా తడమండి, చీపురు మాత్రం పట్టుకోకండి, ఊడిస్తే ఇక దొరకవు.

ఈసారి అంకెల వాచీకి సెల్లు మార్చేస్తాం. నిజానికి సెల్లు తీసి సెల్లు పెట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, మిగతా టైమంతా మూత సరిగ్గా మూయడానికే. ఆ ముక్క ఏ వీడియోలోనూ గట్టిగా చెప్పరు, ఎందుకంటే వాళ్ళుండే ఊళ్ళలో గాలి పొడిగా ఉంటుందేమో. మనది కోనసీమండి. ఇటు గోదావరి, అటు సముద్రం, మధ్యలో కాలవలు, బోదెలు, చెరువులు. ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే సాయంత్రానికి చెమ్మగిల్లిపోయే చోట వాచీ మూత తీస్తున్నామన్న సంగతి గుర్తుంచుకోవాలి.

నేను నేర్చుకున్నది ఎలాగంటే, మా బాబాయికి రాజోలు అవతల రొయ్యల చెరువుంది, తెల్లారగట్ల మూడింటికి లేచి నీళ్ళకి గాలి పట్టించే ఎయిరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి కాబట్టి ఆయనకి వాచీలో అలారం అంటే ప్రాణం, ఫోను చెరువులో పడితే పోద్దని గట్టు మీదకి తీసుకెళ్ళడు. ఆయన వాచీ కాసియో ఎఫ్-91డబ్ల్యూ అనే అంకెల వాచీ, నల్లది. నేను మహా నేర్చినవాడిలా శ్రావణమాసం ముసురులో, సాయంత్రం పూట, వీధరుగు మీద కూర్చుని దాని సెల్లు మార్చి ఇచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఫోను, "ఏరా అబ్బాయ్, నా వాచీలో మంచు పడతందేటిరా, అంకెలు కనపడ్డం లేదు" అని. నేను మూత పెట్టినప్పుడు ఆ ముసురు గాలి లోపలే ఉండిపోయింది, తెల్లారగట్ల చల్లబడేసరికి ఆ చెమ్మంతా అద్దం లోపలివైపు పట్టేసింది. సెల్లు బాగానే వేశాను, మూతే తప్పు రోజున మూశాను.

అందుకని ఈ పని ఎండ కాసే రోజున మిట్టమధ్యాహ్నం పెట్టుకోండి. ఏసీ ఉన్న గది ఉంటే ఇంకా మంచిది, ఓ అరగంట ముందే ఆన్ చేసి అప్పుడు మొదలెట్టండి. ముసురు పట్టిందా, మూత ముట్టుకోవద్దు. వారం రోజులు వాచీ లేకపోతే కొంపలేం మునగవు.

సరే, ఏ సెల్లు? పోయిన పాఠంలో మూత వెనక ఉన్న వాచీ నంబరు రాసుకోమన్నాను కదా. ఎఫ్-91డబ్ల్యూ అయితే సీఆర్2016. ఈ నంబరు చూసి భయపడక్కర్లేదు, అందులోనే సైజుంది. మొదటి 20 అంటే అడ్డం 20 మిల్లీమీటర్లు, తర్వాత 16 అంటే మందం 1.6 మిల్లీమీటర్లు. అదే లెక్కన సీఆర్2025 మందం 2.5, సీఆర్2032 మందం 3.2. మూడూ 3 వోల్టులే, మూడూ ఒకే వెడల్పు, అందుకే కొట్లో 2016 లేదంటే "ఇదీ అదీ ఒకటేనండి" అని 2032 చేతిలో పెడతారు. ఒకటి కాదు. రెట్టింపు మందం. నొక్కి పెడితే సెల్లుని పట్టి ఉంచే క్లిప్పు వంగిపోద్ది, మూత కూర్చోదు, మూత కూర్చోకపోతే మళ్ళీ చెమ్మ.

ప్రభల తీర్థంలోనో అంతర్వేది తీర్థంలోనో పిల్లలకి కొన్న రంగురంగుల వాచీలు ఉంటాయి చూడండి, వాటిల్లో ఎక్కువగా ఎల్ఆర్41 లాంటి చిన్న గుండీ సెల్లు ఉంటుంది, కొన్నిటి మీద ఏజీ3 అని ఉంటుంది, రెండూ ఒకటే. ఇది ఆల్కలైన్, 1.5 వోల్టులు. అదే సైజులో ఎస్ఆర్41 అని సిల్వర్ ఆక్సైడ్ సెల్లు కూడా దొరుకుతుంది, 1.55 వోల్టులు, ఇంచుమించు చివరిదాకా వోల్టేజీ పడిపోకుండా నిలకడగా ఇస్తుంది. నా మాట వింటే దొరికితే అదే వేయండి, ఆల్కలైన్ సెల్లు అయిపోయాక లోపలే వదిలేస్తే కారిపోయే జబ్బు ఒకటుంది.

ఇంకోటి, కొత్త సెల్లు కొనేటప్పుడు అట్టకి సీలు వేసి ఉన్నది తీసుకోండి. డబ్బాలో పదీ పదిహేను విడిగా కలిపేసి ఉంటే వద్దు, ఒకదానికొకటి తగిలి లోపలే ఖర్చయిపోతూ ఉంటాయి.

ఇప్పుడు పనిలోకి. బల్ల మీద లేత రంగు తువ్వాలు నాలుగు మడతలు వేసి పరచండి, ఫ్యాను కట్టేయండి, చేతులు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకోండి. మూత నిదానంగా, పైకి నిలువునా లేపండి. ఎందుకంత నిదానమంటే లోపల ఆవగింజకి కాస్త పెద్దగా ఓ చిన్న స్ప్రింగు నిలబడి ఉంటుంది, మూతకి లోపలివైపు అంటించిన పల్చటి ఇత్తడి బిళ్ళకి అది తగులుతూ ఉంటుంది, మన బీప్ బీప్ సౌండు ఆ బిళ్ళదే. స్ప్రింగు ఎగిరిపోయిందనుకోండి, వాచీ నడుస్తుంది, టైము చూపిస్తుంది, అలారం మాత్రం మోగదు. మా బాబాయి లాంటోళ్ళకి అలాంటి వాచీ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. మూత లేపగానే ముందు స్ప్రింగు ఎక్కడుందో చూడండి, తర్వాతే సెల్లు వైపు చూడండి.

ఆ తర్వాత ఫోనుతో ఒక ఫొటో తీయండి. తిరిగి పెట్టేటప్పుడు అది ఎటు ఉంది ఇది ఎటు ఉంది అని ఇంట్లో గొడవలు పడే పని ఉండదు.

సెల్లు మీద అడ్డంగా ఒక రేకు పట్టీ ఉంటుంది. అది ఒకవైపు చిన్న కొక్కెంలో ఇరుక్కుని ఉంటుంది, పిన్నీసు మొనతో ఆ కొక్కేన్ని కొంచెం బయటికి నెడితే పట్టీ పైకి లేస్తుంది. బలం వేయకండి, బలంతో అయ్యే పని కాదిది, రేకు వంగితే మళ్ళీ సెల్లుని గట్టిగా పట్టదు. పట్టీ లేచాక సెల్లుని అగ్గిపుల్లతోనో టూత్‌పిక్‌తోనో అంచు దగ్గర లేపండి. ఇనప పట్టకారుతో పైనా కిందా కలిపి పట్టుకుంటే సెల్లు షార్టవుతుంది, పాతదైతే పర్లేదు గానీ కొత్త సెల్లుకి అలా చేస్తే కొన్న డబ్బులు కొంత అక్కడే పోయినట్టు. ప్లాస్టిక్ పట్టకారు ఉంటే సరే, లేకపోతే శుభ్రమైన బట్టతో అంచులు పట్టుకోండి. వట్టి వేళ్ళతో పట్టుకుంటే చెమట మరక అంటుతుంది, అంటితే బట్టతో తుడిచేసి పెట్టండి.

సెల్లు తీశాక ఆ గుంటలోకి ఒకసారి వెలుగు వేసి చూడండి. మెరుస్తూ ఉంటే వెంటనే ముందుకెళ్ళండి. ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంటే, చెరువుల మీద తిరిగేవాళ్ళ వాచీల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే, ఉప్పునీళ్ళు ఎక్కడో దూరాయన్నమాట. మొబైల్ రిపేరు షాపుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని అమ్ముతారు, చెవిలో పెట్టుకునే దూదిపుల్లని అందులో ముంచి బాగా పిండి చిలుం ఉన్న చోటే తుడవండి. ఆల్కలైన్ సెల్లు కారి తెల్లగా పిండిలా పట్టి ఉంటే ముందు నిమ్మరసం ఒక్క చుక్క దూదికి తగిలించి ఆ రేకు మీద మాత్రమే రుద్ది, ఆ వెంటనే ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచేయాలి, నిమ్మరసం లోపల ఉండిపోతే అదే మళ్ళీ తినేస్తుంది. పూర్తిగా ఆరేదాకా ఆగండి. నోటితో ఊదొద్దు, నోటిగాలంతా తడే.

కొత్త సెల్లు ప్లస్ గుర్తు పైకి, రాత మనకి కనపడేలా పెట్టండి, ఎందుకైనా మంచిది మీ ఫొటోతో సరిచూసుకోండి. పట్టీని సెల్లు మీదకి దించి కొక్కెంలో టిక్ మనేదాకా నొక్కండి.

తిప్పి చూస్తే స్క్రీను ఖాళీగా ఉందా? లేకపోతే అన్ని గీతలూ ఒకేసారి వెలిగి 88:88 లాగా బిగుసుకుపోయిందా? గుండె ఆగక్కర్లేదండి. సెల్లు మార్చగానే వాచీ పోయిందని చెత్తలో పడేసేవాళ్ళు పడేసేది ఇక్కడే, పక్కవీధిలో ఒకాయన ఇలాగే రెండు వాచీలు పారేశాక నాకు చూపించాడు. లోపలున్న చిప్పు సగం నిద్రలో ఉంటుంది, దాన్ని రీసెట్ చేయాలి. సెల్లు పక్కనే ఏసీ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు, దాని దగ్గర ఒక చిన్న రేకు చుక్క కనపడుతుంది. కరెంటు ఏసీ కాదిది, గదిలో ఉండే ఏసీ కూడా కాదు, ఆల్ క్లియర్ అని. ఇనప పట్టకారు ఇప్పుడు తీయండి. ఒక కొన ఆ ఏసీ చుక్క మీద, ఇంకో కొన సెల్లు పై భాగం మీద, అంటే ప్లస్ మీద, రెండు సెకన్లు ఆనించి తీసేయండి. అంతే, అంకెలు చక్కగా వచ్చి సెకన్లు నడుస్తాయి. అసలు స్క్రీను బాగానే వచ్చినా నేను ఒకసారి ఇది చేసే మూత పెడతాను, కొన్నిసార్లు టైము వస్తుంది గానీ బటన్లు పలకవు.

రీసెట్ చేసినా రాలేదంటే సెల్లు తిరగేసి పెట్టి ఉంటారు, లేదా పట్టీ సరిగా తగలట్లేదు, లేదా కొత్త సెల్లే పాతది. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఉంటే చూడండి, మంచి సీఆర్2016 మూడు వోల్టుల పైన కొంచెం చూపించాలి.

ఇప్పుడు మూత. లోపలి అంచు చుట్టూ గాడిలో సన్నటి నల్ల రబ్బరు రింగు ఉంటుంది, వాషర్ అంటాం. నీళ్ళని ఆపేది స్క్రూలు కాదు, ఈ రింగే. దాన్ని టూత్‌పిక్‌తో లేపి బయటికి తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ చూడండి. బల్లపరుపుగా అణిగిపోయిందా, పగుళ్ళున్నాయా, ఎక్కడైనా సాగిందా? ఉంటే కొత్తది వేయాల్సిందే, టౌన్లో వాచీ సామాన్లు అమ్మే కొట్టుకి పాతది పట్టుకెళితే అదే సైజు ఇస్తారు. బాగుంటే బట్టతో మట్టి తుడిచి, గాడిలో ఉన్న మురికి కూడా తీసి, సిలికాన్ గ్రీజు రవ్వంత, అంటే కాటుక వేలికి అంటుకున్నంత, రింగు చుట్టూ రాయండి. కొబ్బరినూనె రాద్దామా అని మన వైపు అందరికీ ఒక ఆలోచన వస్తుంది, ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది కదా, వద్దు, అది కొన్నాళ్ళకి జిగటగా తయారవుతుంది, వాజెలిన్ కూడా వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బుతుంది.

రింగుని గాడిలో ఎక్కడా మెలిక పడకుండా కూర్చోబెట్టండి. ఒక్క వెంట్రుక, ఒక్క నూలుపోగు రింగు మీద ఉన్నా అదే నీటికి దారి, దీపం కింద పెట్టి చుట్టూ చూడండి. స్ప్రింగు దాని చోట ఉందా అని ఇంకోసారి. మూత పెట్టేటప్పుడు లోపలి ఇత్తడి బిళ్ళ ఆ స్ప్రింగు మీదకే రావాలి. ఇక స్క్రూలు, ఒకటి పూర్తిగా బిగించేసి తర్వాతది కాదు, ముందు నాలుగూ వదులుగా ఎక్కించి, ఆ తర్వాత ఎదురెదురు మూలలు, స్కూటర్ టైరు నట్లు బిగించినట్టే, కొంచెం కొంచెంగా. ఆగింది అనిపించగానే ఆపేయండి. ప్లాస్టిక్ బాడీ, మర అరిగితే మళ్ళీ పట్టదు.

ఎఫ్-91డబ్ల్యూలో టైము పెట్టడం: ఎడమ పక్క కింది బటన్ మూడుసార్లు నొక్కితే సెకన్లు మినుకుతాయి. ఫోన్లో టైము చూస్తూ సున్నా దగ్గర కుడి బటన్ నొక్కండి, సెకన్లు సున్నా అవుతాయి. ఎడమ పక్క పై బటన్ నొక్కుతూ పోతే గంట, నిమిషం, నెల, తేదీ, వారం వరసగా వస్తాయి, ప్రతిదాన్నీ కుడి బటన్‌తో మార్చుకోవడమే. ఈ వాచీకి సంవత్సరం తెలియదు, ఫిబ్రవరికి ఎప్పుడూ 28 రోజులే వేసుకుంటుంది, కాబట్టి 2028లో ఫిబ్రవరి 29న మీరే చేత్తో సరిచేయాలి. నెలకి 30 సెకన్ల దాకా అటూ ఇటూ పోవడం మామూలే, మీ పనితనం తప్పు కాదు. పనిలో పని, టైము చూపిస్తున్నప్పుడు కుడి బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి, అసలు వాచీ అయితే కంపెనీ పేరు అక్షరాల్లో వస్తుంది, ఇది చూశాక మా బాబాయి ఊళ్ళో అందరి వాచీలూ అడిగి నొక్కి చూశాడు.

పాత సెల్లుకి రెండువైపులా సెల్లోటేపు చుట్టి పిల్లలకి అందని చోట పెట్టండి. ఈ విషయంలో నాకు వేళాకోళం లేదు. పిల్లాడు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది, అయిపోయిన సెల్లైనా అంతే. వాంతి చేయించడాలు, అరటిపండు తినిపించడాలు పెట్టుకోకుండా ఎక్స్‌రే ఉన్న పెద్దాసుపత్రికి ఉన్నపళంగా తీసుకెళ్ళిపోవాలి.

ఇక ఇంటి పని. రాత్రికి వాచీని గుప్పిట్లో పది నిమిషాలు పట్టుకుని వెచ్చబడ్డాక అద్దం మీద చిన్న ఐసుముక్క ఒక నిమిషం పెట్టి తీసి పైతడి తుడిచేయండి. అద్దం లోపల పొగమంచులా పట్టకపోతే లోపల చెమ్మ ఉండిపోలేదన్నట్టే. పట్టిందంటే రేపు ఎండెక్కాక మళ్ళీ తీసి, బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేసిన గాలి దూరని డబ్బాలో, మూత తీసిన వాచీని ఒక రాత్రంతా ఉంచి, మర్నాడు మధ్యాహ్నం మూయండి. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, తౌడు లోపలికి దూరితే అది ఇంకో పాఠం అవుతుంది. వచ్చేసారి బెల్టు పుల్లలు, పలకని బటన్లు.