స్కూబా నేర్చుకుంటూ సముద్ర జీవులకు ఎదురుపడినప్పుడు

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు పొడవైన తీరం ఉన్నప్పటికీ, స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్ తగిలించుకుని నీటి అడుగున ఈదడం) నేర్చుకోవడానికి మైపాడు, కొత్తపట్నం తీరాలు అనువైనవి కావు. ఇక్కడ అడుగంతా ఇసుకా బురదే కావడం వల్ల, అలల తాకిడితో పాటు పెన్న వంటి నదులు తెచ్చే ఒండ్రు కూడా తోడై, నీరు కలకబారి ఉంటుంది. పుదుచ్చేరిలోనూ విశాఖపట్నంలోనూ నేర్పేవారున్నారు గాని, పగడపు దిబ్బల మధ్య తిరిగే జీవులను చూడాలనే కోరిక ఉన్నవారు చెన్నై నుంచి విమానంలో అండమాన్ చేరి, ఒకప్పుడు హావ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీప్‌లో శిక్షణ పొందడం మేలని నా అభిప్రాయం. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడి సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. ప్రారంభ స్థాయి అయిన ఓపెన్ వాటర్ కోర్సు మూడు నాలుగు రోజుల్లో పూర్తవుతుంది. అది పూర్తిచేసినవారు 18 మీటర్ల లోతు వరకు దిగవచ్చు.

మొదటి ఒకటి రెండు డైవ్‌లలో చేపల కోసం వెతకకండి. పైకి తేలిపోకుండా, అడుగుకు జారిపోకుండా ఒకే మట్టంలో నిలవగలగడమే అప్పటి పని. శిక్షకులు దీన్ని బాయెన్సీ అంటారు. బావుల్లోనూ బకింగ్‌హాం కాలువలోనూ ఈత నేర్చిన మనవాళ్లకు ఇది మొదట్లో కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే చేతులతో నీటిని తోయడం వారికి అలవాటైపోయి ఉంటుంది. స్కూబాలో చేతులకు పని లేదు, వాటిని ఛాతీ దగ్గర ముడుచుకుని కాళ్లకు తొడుక్కున్న ఫిన్స్‌తో (చేప రెక్కల్లాంటి తొడుగులతో) మాత్రమే కదలాలి. ఊపిరి నిండా పీల్చితే శరీరం కొద్దిగా లేస్తుంది, నిదానంగా వదిలితే దిగుతుంది. అయితే మట్టం నిలుపుకోవాలని ఊపిరి బిగబట్టకూడదు. బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచించి వాటిని చీల్చే ప్రమాదం ఉంది. ఈ అదుపు కుదరనివారు తాబేలును చూసిన ఉత్సాహంలో కాళ్లు ఆడిస్తే, వెనుక ఉన్న పగడపు కొమ్మ విరిగిన సంగతి వారికి తెలియనైనా తెలియదు.

నీటిలో వస్తువులు ఉన్నదానికంటే దాదాపు మూడో వంతు పెద్దగానూ, దగ్గరగానూ కనిపిస్తాయి. కాబట్టి తొలిసారి ఎదురైన రీఫ్ సొర (పగడపు దిబ్బల దగ్గర తిరిగే సొర) మీరు ఒడ్డుకు వచ్చి వర్ణించేంత పెద్దది కాకపోవచ్చు. దాన్ని చూసి ఇన్‌స్ట్రక్టర్‌కు సంతోషంగా బొటనవేలు పైకెత్తి చూపకండి. నీటిలో ఆ సైగకు ‘పైకి వెళ్దాం’ అని అర్థం, ఆయన మిమ్మల్ని వెంటనే పైకి తీసుకువెళ్తారు. బాగుందని చెప్పడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

మన తీరంలో ఇసుకపై గుడ్లు పెట్టేవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. అండమాన్ దిబ్బల దగ్గర ఎక్కువగా కనిపించేవి పచ్చ తాబేళ్లు, డేగముక్కు తాబేళ్లు. తాబేలును వెనుక నుంచి తరమకుండా, దాని పైభాగానికి వెళ్లకుండా, పక్కగా మూడు మీటర్ల ఎడంలో నిలవాలి. అది ఊపిరి కోసం పైకి రావలసిన జీవి కనుక, దాని దారికి అడ్డుపడితే బెదురుతుంది. మేత మేస్తున్నది తల ఎత్తి మీ వైపు చూసి, మళ్లీ మేతలో పడితే మీరున్న దూరం సరిపోయినట్లు; మేత మాని ముందరి రెక్కలు ఊపడం మొదలుపెడితే మీరు ఆగి వెనక్కి తగ్గాలి. కదలకుండా ఉన్నవారి దగ్గరికి చేపలు వాటంతట అవే వస్తాయి, వెంటబడినవారికి తోకలే కనిపిస్తాయి.

రాతి సందులోంచి తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉండే, పాములాంటి చేప మోరే ఈల్‌ను చూసి చాలామంది బెదిరిపోతారు. అది మిమ్మల్ని బెదిరించడం లేదు. మొప్పల మీదుగా నీరు పారించి ఊపిరి తీసుకుంటోంది. ఆ సందులో చెయ్యి పెట్టకపోతే చాలు. సొర కన్నా జాగ్రత్తపడవలసింది టైటన్ ట్రిగ్గర్ ఫిష్ విషయంలో. ఇసుకలో గూడు కట్టి గుడ్లు కాస్తున్నప్పుడు అది వీపు మీది ముల్లు నిక్కించి నేరుగా మీదికి వస్తుంది, ఫిన్స్‌ను కొరుకుతుంది. అది తనదిగా కాపాడుకునే చోటు, నోరు పైకి పెట్టిన గరాటు ఆకారంలో గూటి నుంచి పైకి విస్తరించి ఉంటుంది. అందువల్ల భయపడి పైకి లేచినవారు ఆ హద్దులోనే ఉండిపోతారు. ఫిన్స్‌ను దాని వైపు ఉంచి, అడ్డంగా ఈదుతూ దూరం జరగాలి.

లయన్ ఫిష్, రాయిని పోలి కదలకుండా పడివుండే స్టోన్ ఫిష్, ఇసుకలో ఒళ్లు కప్పుకున్న టేకు చేప (స్టింగ్‌రే), ఈ మూడూ తాకితేనో తొక్కితేనో తప్ప తమ విషపు ముళ్లు గుచ్చవు. గుచ్చితే పైకి వచ్చి, గాయాన్ని కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. వలలో చిక్కిన సముద్రపు పాముల సంగతి మన మత్స్యకారులకు బాగా తెలుసు. వాటి విషం తీవ్రమైనది గాని, వదిలేస్తే వాటి దారిన అవి పోతాయి. కరిచిన చోట నొప్పి లేకపోయినా అలక్ష్యం చేయకుండా, కాలూ చెయ్యీ కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఖాళీగా కనిపించే కోన్ గవ్వలో విషముల్లున్న నత్త బతికి ఉండవచ్చు కనుక గవ్వలనూ ఏరవద్దు. గట్టి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు; చచ్చిన ముక్కను సంచిలో వేసుకున్నా నేరమే.

తిరుగు టికెట్ కొనేటప్పుడు చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా చూసుకోండి. ఆ ఆఖరి రోజు నీటి పైపైన స్నార్కెల్ చేసుకోవచ్చు (గొట్టంతో ఊపిరి పీలుస్తూ తేలుతూ ఈదవచ్చు). అయితే అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి కాబట్టి, మడ అడవుల అంచుల్లోనూ వాగులు కలిసే చోట్లా దిగకుండా, హెచ్చరిక బోర్డులు లేని తీరం ఏదో స్థానికులను అడిగి తెలుసుకున్నాకే నీటిలో కాలు పెట్టండి.