నియమంతో బొమ్మ, 4వ పాఠం: పాచిక పడ్డాక దిద్దకండి

ఈసారి కంప్యూటర్‌తో బొమ్మలు గీసిన తొలితరం కళాకారిణి వెరా మోల్నార్ గీతలు మొదలుపెట్టాలి. కానీ మీరు పంపిన బొమ్మలు చూశాక, ముందు మూడో పాఠం సంగతి తేల్చక తప్పడం లేదు.

ఆ పాఠంలో గియోర్గ్ నీస్ 1968లో కంప్యూటర్‌తో చేసిన 'షోటర్' అనే బొమ్మ చూశాం. అడ్డంగా 12, నిలువుగా 22 చతురస్రాలు. పైవరుసలో కుదురుగా నిలబడి ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ ఒరిగి, చోటు తప్పి, చెల్లాచెదురవుతాయి. ఎటు ఒరగాలో పాచిక వేసి తేల్చుకుంటూ అలాంటిదే గీయమన్నాను. మీ బొమ్మల్లోనూ కింది చతురస్రాలు ఒరిగాయి. అయితే ఒకటి ఎడమకి, పక్కది కుడికి, ఆ పక్కది మళ్లీ ఎడమకి. దాదాపు అందరిదీ ఇదే వరస.

అంటే పాచిక వెయ్యకుండా మనసుకి తోచిన అంకె రాసుకున్నారు. లేదా వేశాక నచ్చనిచోట రబ్బరు పెట్టారు.

మనసుకి తోచిన అంకె యాదృచ్ఛికం కాదు. రెండుసార్లు ఎడమ వచ్చాక మూడోసారి కూడా ఎడమ అనడానికి మనకి చెయ్యి రాదు. పాచికకి ముందేం పడిందో గుర్తుండదు. లెక్క చూడండి: వరుసకి ఆరు చతురస్రాలు, ఒక్కోటి ఎడమకో కుడికో ఒరుగుతుంది. మొత్తం 64 రకాలుగా ఒరగొచ్చు. అందులో 38 రకాల్లో కనీసం మూడు పక్కపక్కన ఒకే వైపు ఒరిగి ఉంటాయి. అంటే సగానికి పైగా వరుసల్లో అలాంటి గుంపు కనబడాలి. తొమ్మిది వరుసలు గీస్తే ఐదారింటిలో రావాలి. మీ బొమ్మ తీసి లెక్కపెట్టండి. ఒకటీ అరా తప్ప లేకపోతే ఆ బొమ్మ పక్కన పెట్టేసి మళ్లీ మొదలుపెట్టండి. దిద్దితే బాగుపడదు.

దీని మీద ఇంత పట్టు ఎందుకంటే, ఆ తొలినాళ్లలో యంత్రంతో బొమ్మ వేసినవాళ్ల అసలు పని ఏది తమ చేతిలో ఉంచుకోవాలి, ఏది వదలాలి అని తేల్చుకోవడమే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో మైకేల్ నోల్ 1962లో చేసిన 'గాసియన్ క్వాడ్రాటిక్' చూడండి. 100 బిందువుల్ని 99 గీతలు కలుపుతాయి. బిందువు ఎంత ఎత్తులో ఉండాలో సూత్రం చెబుతుంది. పక్కకి ఎక్కడ పడాలో యాదృచ్ఛిక సంఖ్య చెబుతుంది. సగం కట్టడి, సగం స్వేచ్ఛ. ఆ హద్దు గీసింది నోల్.

1964లో ఆయన డచ్ చిత్రకారుడు మోండ్రియన్ 1917 నాటి గీతల చిత్రం తరహాలో కంప్యూటర్‌తో ఒక బొమ్మ చేయించాడు. రెండింటినీ బెల్ ల్యాబ్స్‌లోనే 100 మందికి చూపించారు. కంప్యూటర్ బొమ్మ ఏదో సరిగ్గా చెప్పినవాళ్లు 28 మంది. దాన్నే ఎక్కువ ఇష్టపడినవాళ్లు 59 మంది. గీతలు ఎక్కువ చెదిరి ఉన్నదే మనిషి పని అని చాలామంది అనుకున్నారు. మీరు రబ్బరు పెట్టి చెరిపేసింది సరిగ్గా ఆ చెదురునే.

మరి బొమ్మ నచ్చకపోతే? నియమం మార్చండి, చతురస్రాన్ని ముట్టుకోకండి. మోల్నార్ కంప్యూటర్ చేతికి రాకముందే, 1959 ప్రాంతం నుంచి, ఊహలో ఒక యంత్రాన్ని పెట్టుకుని దాని నియమాల ప్రకారం చేత్తో గీసేది. 1968లో నిజం కంప్యూటర్ దొరికింది. ఒక అంకె కాస్త మార్చడం, మళ్లీ గీయడం, చూడడం. అదే ఆమె పద్ధతి.

సరే, ఈసారి చిన్న గడి: అడ్డంగా 6, నిలువుగా 10, ఒక్కో చతురస్రం భుజం 15 మిల్లీమీటర్లు. పైవరుస సంఖ్య 0, అట్టడుగుది 9. పాచిక మీద 1, 2, 3 పడితే ఎడమకి వరసగా 3, 2, 1. 4, 5, 6 పడితే కుడికి 1, 2, 3. దాన్ని వరుస సంఖ్యతో గుణించండి, అన్ని డిగ్రీలు ఒరుగుతుంది. అడుగు వరుసలో 6 పడితే కుడికి 27 డిగ్రీలు. చతురస్రం తన కేంద్రం మీదే తిరగాలి, మూల మీద కాదు (పోయినసారి ఇది చెప్పలేదని చాలామంది అడిగారు). ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఎక్కనివ్వండి. చోటు జరపడం ఈసారి వద్దు. కోణమానిని వాడడం మీకు తెలిసిందే.

పైవరుస ఒరగదు కాబట్టి దానికి పాచిక అక్కర్లేదు. మిగతా తొమ్మిది వరుసలకి పాచిక 54 సార్లు ముందే వేసి, అంకెలన్నీ వేరే కాగితం మీద రాసుకోండి. గీస్తూ వేస్తే మళ్లీ దిద్దాలనిపిస్తుంది. నేనైతే పెన్సిల్ కూడా వద్దంటాను, నేరుగా పెన్నుతో గీయండి.

అభ్యాసం: బొమ్మ పూర్తయ్యాక దాచేయండి. నియమాన్ని మీ మాటల్లో రాసి, ఆ 54 అంకెలతో పాటు ఈ పాఠం చదవని ఒకరికి ఇచ్చి గీయమనండి. పక్కన కూర్చుని సాయం చెయ్యకండి. 1966లో న్యూయార్క్‌లో ఇంజనీరు బిల్లీ క్లూవర్, చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ పూనుకుని పదిమంది కళాకారుల్ని సుమారు ముప్పైమంది ఇంజనీర్లతో కలిపి తొమ్మిది రాత్రుల ప్రదర్శనలు చేయించారు. అలాంటి పనిలో 'కాస్త పక్కకి' అంటే చాలదు, ఎంత పక్కకో చెప్పాలి. మీ నియమం కూడా అలాగే ఉండాలి. రెండు బొమ్మలూ కలిసేదాకా నియమం తిరగరాయండి. బొమ్మలతో పాటు అవతలివాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నా రాసి పంపండి. ఐదో పాఠం వాటితో మొదలుపెట్టి మోల్నార్ దగ్గరికి వెళ్దాం.