రుచి పాఠాలు – 3: ఎవరూ వేయని అరటిపండు, ఎవరూ వేయని లవంగం

బీరు రుచి చూడడం నేర్చుకునే ఈ పాఠానికి ముందు వంటింట్లోకి వెళ్లండి. బాగా మాగిన అరటిపండు ఒకటి తీసుకోండి. తొక్క మీద మచ్చలు పడ్డ చక్కరకేళి దొరికితే మరీ మంచిది. దాన్ని ఒలిచి ఒక కప్పులో వేయండి. రెండు లవంగాలను చెంచాతో నలిపి మరో కప్పులో వేయండి. రెండింటి మీదా మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. తరువాత కళ్లు మూసుకుని, మూత తీసి, ఒక్కొక్క దాన్నీ వాసన చూడండి. గట్టిగా ఒకేసారి పీల్చవద్దు. చిన్నచిన్నగా, మూడు నాలుగు సార్లు పీల్చి ఆపండి. మళ్లీ మూత పెట్టి, మీ మోచేతి మడతలో ముక్కు పెట్టి ఒకసారి పీల్చండి. మన ఒంటి వాసన ముక్కుకు అలవాటైనది కాబట్టి దాని అలసట తీరుతుంది. ఇప్పుడు మళ్లీ మొదటి కప్పు దగ్గరికి రండి.

ఈ వారం ఇంట్లో ఇలా రెండు రోజులు చేస్తే చాలు, సగం పాఠం వచ్చినట్టే.

మొదటి పాఠంలో గ్లాసు ఎలా కడగాలో, రెండో పాఠంలో రంగునూ నురగనూ ఎలా చూడాలో తెలుసుకున్నాం. ఈసారి పని ముక్కుది. దీనికి గోధుమ బీరును ఎంచుకున్నాను. జర్మనీ దక్షిణాన బవేరియాలో పుట్టిన దీన్ని హెఫెవైజెన్ అంటారు. హెఫె అంటే ఈస్ట్, వైజెన్ అంటే గోధుమ. హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ చాలా మైక్రోబ్రూవరీల పట్టికలో ఇది ఉంటుంది కాబట్టి వెతుక్కోనక్కరలేదు. అంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఇందులో ప్రధానంగా తగిలే రెండు వాసనలూ మన ఇంట్లోవే. కొత్త బీరు ముందు కూర్చున్నప్పుడు ముక్కు పట్టుకోగలిగేది మనకు పేరు తెలిసిన వాసననే. పేరు లేనిది ఎంత బలంగా ఉన్నా ‘ఏదో బాగుంది’ అన్న మాట దగ్గరే ఆగిపోతాం.

నేను మొదటిసారి ఈ బీరు తాగింది బెంగళూరులో. గ్లాసు నోటి దాకా రాకముందే అరటిపండు వాసన వచ్చింది. ఎసెన్సు కలిపారనుకున్నాను, కొంచెం బాధ కూడా కలిగింది. బిల్లు తెచ్చిన అబ్బాయిని అడిగితే అతను లోపలికి వెళ్లి బీరు కాచే ఆయన్నే పిలుచుకొచ్చాడు. ఆయన నన్ను గాజు గోడ వెనక్కి తీసుకెళ్లి చూపించారు: గోధుమ మాల్ట్ బస్తాలు, బార్లీ మాల్ట్ బస్తాలు, చిన్న పొట్లాల్లో చేదు కోసం వేసే హాప్స్ పూలు, ఒక డబ్బాలో ఈస్ట్. ఇక నీళ్లు. అంతే. అరటిపండు ఎక్కడా లేదు, లవంగం ఎక్కడా లేదు. ఆ రోజు నుంచే నాకు ఈ విద్య మీద గురి కుదిరింది.

మాల్ట్ అంటే మనకు కొత్త కాదు. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి పిండి పట్టించి పిల్లలకు జావ కాస్తాం కదా, అదే పద్ధతి. మొలకెత్తినప్పుడు గింజలో పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు తయారవుతాయి. జర్మనీ నిబంధన ప్రకారం ఈ బీరులో కనీసం సగం గోధుమ మాల్టే ఉండాలి. మిగిలింది బార్లీ. పూర్తిగా గోధుమతో కాయడం కష్టం. గోధుమ గింజకు ఊక ఉండదు, బార్లీకి ఉంటుంది. ఉడికిన గింజల నుంచి తీపి నీటిని వడకట్టేటప్పుడు ఆ ఊకే జల్లెడగా పనిచేస్తుంది. గోధుమలో మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి నురగ దట్టంగా లేచి చాలాసేపు నిలుస్తుంది.

ఇక ఆ రెండు వాసనలూ ఎక్కడివి? ఈస్ట్ చేసినవి. చక్కెరను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ వదిలే ఆ సూక్ష్మజీవి, దారిలో ఇంకా అనేక పదార్థాలను కొద్దికొద్దిగా తయారు చేస్తుంది. వాటిలో ఒకటి ఐసోఅమైల్ ఎసిటేట్. అరటిపండు మాగుతున్నప్పుడు ఇల్లంతా పరుచుకునే వాసనలో ముఖ్యమైనది అదే. తేనెటీగ కుట్టినప్పుడు తోటి ఈగలను హెచ్చరించడానికి వదిలే వాసనలోనూ అదే ఉంటుంది. అందుకే తేనె తుట్టెల దగ్గర పనిచేసేవారు అరటిపండు తిని వెళ్లరు. రెండోది ఫోర్ వినైల్ గ్వయకాల్. పేరు నోరు తిరగదు గాని వాసన మనకు బాగా తెలుసు. లవంగంలో ఉండే యూజినాల్‌కు ఇది దగ్గరి బంధువు. బిర్యానీలో తగిలేదీ, కిళ్లీకి గుచ్చిన లవంగంలో ఉండేదీ, పళ్ల డాక్టరు గదిలోకి అడుగు పెట్టగానే ముక్కుకు తగిలేదీ ఆ యూజినాలే. గోధుమ బీరు వాసన చూసి ‘పళ్ల డాక్టరు గది’ అని మీకు తోస్తే సిగ్గుపడకుండా అలాగే రాసుకోండి. అది సరైన జవాబు.

ఈ లవంగపు వాసనను అన్ని ఈస్ట్‌లూ చేయలేవు. చల్లగా పులియబెట్టే మామూలు లాగర్ బీరులో ఇదే వాసన వస్తే కాచినవారు తలపట్టుకుంటారు, ఎక్కడో అడవి ఈస్ట్ చొరబడిందన్నమాట. గోధుమ బీరులో మాత్రం ఇది లేకపోతే లోటు. కాబట్టి ఒక వాసన మంచిదా చెడ్డదా అని తేల్చే ముందు, గ్లాసులో ఉన్నది ఏ రకం బీరో తెలుసుకోవాలి. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే.

ఇడ్లీ పిండిని తలచుకోండి. వేసవిలో రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది, పులుపు కూడా ఎక్కుతుంది. చలికాలంలో అదే పిండి, అదే గిన్నె, పొంగడానికి మొరాయిస్తుంది. బీరుకూ వేడిమితో అంతే సంబంధం ఉంది. గోధుమ బీరును 17 డిగ్రీల దగ్గర పులియనిస్తే మొత్తం మీద లవంగం పైచేయి అవుతుంది. 22 డిగ్రీలు దాటనిస్తే అరటిపండు రెచ్చిపోతుంది. ఇంకో కిటుకు కూడా ఉంది. మాల్ట్‌ను వేడినీళ్లలో కలిపే తొలి దశలో 45 డిగ్రీల దగ్గర కాసేపు ఆపితే గింజలోని ఫెరూలిక్ ఆమ్లం విడుదలవుతుంది. ఈస్ట్ లవంగపు వాసన తయారు చేసేది దానితోనే. తొట్టె ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. ఎత్తైన మూసిన ట్యాంకులో ఈస్ట్ మీద ఒత్తిడి ఎక్కువ, అరటిపండు తగ్గుతుంది. లోతు తక్కువగా ఉండి పైన తెరిచి ఉన్న తొట్టెల్లో అది బాగా వికసిస్తుంది. బవేరియాలో కొన్ని పాతకాలపు బీరు శాలలు ఇప్పటికీ తెరిచిన తొట్టెలను వదలకపోవడానికి ఇదొక కారణం.

మామిడికాయ పప్పు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ‘ఇది పిన్ని చేసింది, అమ్మ చేసింది కాదు’ అని చెప్పేవాళ్లు మన ఇళ్లలో ఉంటారు. పప్పూ మామిడికాయా అవే, చెయ్యి వేరు. మీరు పట్టుకోవలసింది కూడా ఆ చెయ్యినే. రెండు చోట్ల గోధుమ బీరు తాగి, ఒకటి అరటి వైపు మొగ్గింది, రెండోది లవంగం వైపు మొగ్గింది అని చెప్పగలిగితే, అక్కడ కాచినవారు ఏం చేసి ఉంటారో ఊహించే స్థితికి మీరు వచ్చినట్టే.

కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే ఈ బీరు అసలు లేకుండా పోవలసింది. 1516 ఏప్రిల్ 23న ఇంగోల్‌స్టాట్‌లో వెలువడిన బవేరియా శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేదీ ఉండరాదంది. గోధుమను రొట్టెకు మిగల్చాలన్నది అందుకు ఒక కారణంగా చెబుతారు. ఆ జాబితాలో ఈస్ట్ పేరు కూడా లేదు. అదొక జీవి అనే సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. అయితే గోధుమ బీరు కాచే హక్కు డెగెన్‌బెర్గ్ అనే ప్రభువుల కుటుంబానికి ప్రత్యేకంగా దక్కింది. 1602లో ఆ వంశం వారసులు లేక ఆగిపోవడంతో హక్కు బవేరియా పాలకుడు మాక్సిమిలియన్‌కు చేరింది. ఆయన దాన్ని ఏలికల గుత్తసొత్తుగా చేసుకుని ఖజానా నింపుకున్నాడు. తరువాతి కాలంలో జనం లాగర్ వైపు మళ్లారు, గోధుమ బీరు అడుగంటింది. 1872లో గేయోర్గ్ ష్నైడర్ అనే ఆయన దాన్ని కాచే హక్కు సంపాదించి మళ్లీ నిలబెట్టాడు. ఆయన వంశంవారి బీరు శాల ఇప్పుడు కెల్‌హైమ్‌లో ఉంది. మ్యూనిక్‌కు దగ్గరలోని ఫ్రైజింగ్‌లో ఉన్న వైహెన్‌స్టెఫాన్ నుంచి వచ్చిన ఈస్ట్ రకాలను ఇవాళ ప్రపంచమంతటా గోధుమ బీరుకు వాడుతున్నారు.

సరే, గ్లాసు దగ్గరికి వద్దాం. సీసా బీరయితే ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు బయట ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టిన బంగినపల్లి కోస్తే వాసన రాదు, కాసేపటికి ఇల్లంతా నిండుతుంది. బీరూ అంతే. ఎనిమిది డిగ్రీల దగ్గర దాని వాసన బాగా విచ్చుకుంటుంది. పొడవాటి గ్లాసును చల్లని నీటితో ఒకసారి కడిగి, తడిగానే ఉంచండి. పొడి గ్లాసులో పోస్తే నురగ అదుపు తప్పుతుంది. గ్లాసును బాగా వంచి, సీసా మూతిని అంచుకు ఆనించి, తొందర లేకుండా పోయండి. సీసాలో రెండు వేళ్ల ఎత్తు మిగిలినప్పుడు ఆపండి. ఇప్పుడు ఒకసారి వాసన చూసి పుస్తకంలో రాసుకోండి. తరువాత సీసాను గుండ్రంగా తిప్పండి. అడుగున పేరుకున్న ఈస్ట్ లేచి సీసాలో మిగిలిన బీరు మజ్జిగలా మసకబారుతుంది. దాన్ని నురగ మధ్యలో పోయండి. మళ్లీ వాసన చూడండి. మొదటిసారి లేని బ్రెడ్డు పిండి వాసన ఇప్పుడు తగులుతుంది. ఈ తేడాను నేను ఎంతమందికి చూపించానో లెక్కలేదు, చూపించిన ప్రతిసారీ ఎదుటివారి ముఖం వెలగడం చూశాను.

తాగేముందు ఒక చిన్న ప్రయోగం. యాలకులు, నెయ్యి బాగా పడిన చక్కెర పొంగలి ఒక చెంచా తీసుకోండి. ముక్కు గట్టిగా మూసుకుని నోట్లో పెట్టుకోండి. తీపి తెలుస్తుంది, మెత్తదనం తెలుస్తుంది, ఇంకేమీ తెలియదు. నములుతూ ఉండగా ముక్కు వదలండి. యాలకులూ నెయ్యీ ఒక్కసారిగా వచ్చి చేరతాయి. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా నోటి వెనుక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనదే. బీరు గుటక వేశాక నోరు మూసి ముక్కుతో మెల్లగా గాలి వదలండి. గ్లాసు మీద దొరకని లవంగం చాలాసార్లు అప్పుడే దొరుకుతుంది.

చేదు ఈ బీరులో దాదాపు ఉండదు. హాప్స్ చాలా తక్కువ వేస్తారు. నాలుక మీద గ్యాస్ చురుక్కుమంటుంది, చివర కొద్దిగా పులుపు, అంతే. ఆల్కహాలు మామూలుగా ఐదు, ఐదున్నర శాతం ఉంటుంది. రుచి చూడడానికి వంద మిల్లీలీటర్లు చాలు. గ్లాసు నిండా తాగితే రెండో గ్లాసుకు ముక్కు మొద్దుబారుతుంది. ఈ పాఠాలు చట్టం అనుమతించిన వయసు నిండినవారికే. సాధన చేసిన రోజు బండి తాళాలు ఇంట్లోనే వదిలి వెళ్లండి.

దోషాల్లో ఈసారికి ఒక్కటే గుర్తుపెట్టుకోండి. హైదరాబాద్‌లో ఒకచోట నాకు వచ్చిన గ్లాసులో అరటిపండు వెనకే గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు ఘాటు తగిలింది. నాతో ఉన్నవాళ్లు పండు వాసన బాగుందన్నారు. ఆ ఘాటు ఇథైల్ ఎసిటేట్‌ది. పులిసేటప్పుడు వేడి మరీ ఎక్కువైతే అది హద్దు దాటుతుంది. మాగిన పండుకూ ఈ ఘాటుకూ మధ్య గీత సన్ననిది. ఇంట్లో అరటిపండును నాలుగు రోజులు, రోజుకోసారి వాసన చూస్తూ వస్తే ఆ గీత ఎక్కడుందో మీ ముక్కే చెబుతుంది.

ఈ వారం పని ఇది. ఇద్దరు మిత్రులను వెంటబెట్టుకుని ఒకే రకం గోధుమ బీరు రెండు చోట్లదిగానీ రెండు కంపెనీలదిగానీ సంపాదించండి. ఒకేలాంటి మూడు గ్లాసుల్లో రెండింటిలో ఒకటి, మూడో దానిలో మరొకటి పోయమనండి. ఏది ఎందులో ఉందో మీకు తెలియకూడదు. వేరుగా ఉన్నది ఏదో ముక్కుతో మాత్రమే పట్టండి. తప్పినా సరే, గ్లాసుల స్థానాలు మార్చి మూడుసార్లు చేయండి. రుచి చూడడమే వృత్తిగా ఉన్నవారూ ఈ మూడు గ్లాసుల పరీక్షనే వాడతారు.

పుస్తకంలో మార్కులు వేయకండి, మాటలు రాయండి. మచ్చుకు నా పాత పేజీ ఒకటి: “చక్కరకేళి, ఒక రోజు ఎక్కువ మాగినది. లవంగం కిళ్లీలో ఉన్నంత. ఈస్ట్ కలిపాక తడి బ్రెడ్డు. మింగాక నిమ్మతొక్క, వెంటనే పోయింది.” రెండేళ్ల తరువాత ఈ నాలుగు ముక్కలు చదివితే ఆ గ్లాసు నా ముందుకు వస్తుంది. పదికి ఏడు అని రాసిన పేజీలు ఏ బీరు గురించో కూడా గుర్తు రావడం లేదు.

వచ్చే పాఠం బెల్జియంలోని హూగార్డెన్ అనే ఊరి గోధుమ బీరు గురించి. 1950ల్లో అక్కడ పూర్తిగా ఆగిపోయిన ఆ బీరును 1960ల్లో పియెర్ సెలిస్ అనే ఆయన మళ్లీ కాయడం మొదలుపెట్టాడు. పైకి చూస్తే ఈ వారం బీరులాగే మసకగా ఉంటుంది గాని, అందులో దినుసులు నిజంగానే వేస్తారు. గుప్పెడు ధనియాలు కొనిపెట్టుకోండి. ఒక నారింజ తొక్కను ఇప్పుడే ఎండలో పెట్టండి, పాఠం వచ్చేసరికి గలగలలాడాలి.